పక్కదారుల లెక్క ఎవరు రాస్తారు?

సంపాదకుల వారికి,

ముప్పై ఏళ్ల కిందట నేను తాడ్వాయి వైపు ఒక బడిలో పనిచేశాను. పస్రా దాటగానే కొమ్మలు బస్సు కిటికీలకు రాసుకునేవి. చేతులు లోపల పెట్టుకోమని కండక్టర్ అరిచేవాడు. ఈ మధ్య మేడారం మొక్కుకు అదే దారిలో కారులో వెళ్లాం. రోడ్డు బాగుంది. హనుమకొండ నుంచి ఇంత తొందరగా వచ్చామా అని సంతోషపడ్డాను కూడా. కాసేపటికి గానీ తట్టలేదు, అడవి మా నుంచి దూరం జరిగిందని.

రోడ్లు వద్దని నేను రాయడం లేదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చిన రోజులను ఏజెన్సీలో పనిచేసినవాళ్లు ఎవరూ మర్చిపోలేరు. గూడేనికి దారి వేయడానికి చట్టంలోనే వీలుంది. గ్రామసభ సిఫారసు చేస్తే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ పెద్ద రోడ్ల లెక్కతో.

హైవే వెడల్పు చేసేటప్పుడు ఫైలులో ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని హెక్టార్లు, ఇన్ని చెట్లు అని రాస్తారు. తారు కింద పోయే అడవి నిజానికి తక్కువే. అసలు నష్టం ఆ తర్వాత, పక్కన మొదలవుతుంది. ముందు ఒక టీ కొట్టు వస్తుంది. తర్వాత మొరం ట్రాక్టర్లు దిగే బాట. ఆ బాట చివర ఒక కొత్త చెలక, దానికి బేరమాడే పట్నం మనిషి. టేకు దుంగ దాటించడానికి ఇప్పుడు ఎడ్లబండి అక్కర్లేదు, రాత్రిపూట ఒక ట్రాలీ ఆటో చాలు. పోడు కొట్టుకునే పేదవాడినే అందరూ తిడతారు గానీ, దారి వేసిచ్చింది అతను కాదు కదా!

బ్రెజిల్ ఇదంతా మనకంటే ముందే చూసింది. రొండోనియా రాష్ట్రంలో 364వ నంబరు హైవేకు 1984 నాటికి తారు పడింది. ఆ తర్వాత దాని నుంచి చీలిన పక్కదారులు ఉపగ్రహ చిత్రాల్లో చేప ముళ్లలా కనిపిస్తాయి, ముల్లుకూ ముల్లుకూ మధ్య అడవి పలచబడుతూ పోయింది. అమెజాన్‌లో అడవి నరికివేత దాదాపు 95 శాతం రోడ్లకు 5.5 కిలోమీటర్ల లోపో, పడవలు నడిచే నదులకు కిలోమీటరు లోపో జరిగిందని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 1976లో తెరిచిన 319వ నంబరు హైవే మరమ్మతులు లేక 1988 నాటికి పాడుబడింది. దాని చుట్టూ అడవి చాలావరకు మిగిలింది. ఇప్పుడు దానికి మళ్లీ తారు వేస్తామంటే అక్కడ పెద్ద గొడవ నడుస్తోంది.

మనది ఆకు రాల్చే అడవి, అమెజాన్ అంత దట్టం కాదు, నిజమే. కానీ నల్లమద్దయినా ఇప్పయినా ఎండు కర్రలో దాదాపు సగం బరువు కార్బనే. అందులో ఒక టన్ను కార్బన్ కాలితే మూడున్నర టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బదులుగా నాటే మొక్క అంత కార్బన్‌ను దాచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ మేకలూ ఎండా దాన్ని బతకనిస్తే. పైగా ఆ మొక్కలను నాటేది చాలాసార్లు ఇంకెక్కడో. ఏటూరునాగారంలో కొట్టి మరో జిల్లాలో నాటితే కాగితం మీద లెక్క సరిపోతుంది, ఇక్కడి అడవికి ఏం ఒరుగుతుంది?

మన ఆదిలాబాద్ మీదుగా వెళ్లే 44వ నంబరు హైవే మీదే, మహారాష్ట్రలోని పెంచ్ దగ్గర జంతువులు కింద నుంచి దాటేలా మార్గాలు కట్టారు. మంచి పనే. అయితే అవి పులికి దారి ఇస్తాయి గానీ గొడ్డలిని ఆపవు.

అధికారులను అడిగేది ఇది. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అడవుల్లో రోడ్డు వేసినా వెడల్పు చేసినా, తారు వెడల్పుతో ఆగకుండా అటూ ఇటూ ఐదు కిలోమీటర్ల అడవిని ముందే కొలవాలి. రోడ్డు తెరిచిన ఐదేళ్లకు మళ్లీ కొలవాలి. ఉపగ్రహ చిత్రాలు ఎలాగూ ఉన్నాయి. ఆ రెండు లెక్కలనూ పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి. అనుమతి లేని పక్కబాట కనబడితే అది చెలకగా మారకముందే మూసేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ