లోటు లేని లోకం ఎక్కడుంది?

సంపాదకుల వారికి,

మొన్న కావలి బస్టాండు దగ్గర టీ బంకులో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు గట్టిగా వాదించుకుంటున్నారు, ఏ లోటూ లేని సమాజం ఎప్పటికైనా వస్తుందా అని. 1516లో ఇంగ్లండు రచయిత థామస్ మోర్ అలాంటి దీవిని ఊహించి 'ఉటోపియా' అన్నాడు. గ్రీకులో దానర్థం 'లేని చోటు'. సగం జవాబు పేరులోనే ఉంది.

మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు మాత్రం ఆ చోటు కోసం చీపుర్లు పట్టుకుని బయల్దేరారు. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న కూలి మహిళలు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అదీ సడలింది.

ఆ రోజుల్లో దొంగసారా, సోదాలు, పక్కింటివాడి మీద చాడీలు కూడా చూశాం. మంచిని లాఠీతో నిలబెట్టబోతే జరిగేది అదే. అలాగని వాళ్ల పోరాటం వృథా అంటే ఒప్పుకోను. మా వీధిలో ఒకామె, మొగుడి కూలి డబ్బు మొదటిసారి పూర్తిగా ఇల్లు చేరిందని పిల్లలకు కొన్న బట్టలు తెచ్చి చూపించింది. అంచుకు పెట్టిన పసుపు ఇంకా ఆరలేదు.

టీ బంకు కుర్రాళ్లకు దూబగుంట పేరే తెలియదు. కలిగిరి బస్సు వాళ్లెదురుగానే ఆగి ఉంది.

- ఒక రిటైర్డ్ టీచర్, కావలి