ఇంజిన్ పెయింట్: బిల్లులో ఇక రెండు లైన్లు

ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఇంజిన్ పెయింట్ కోసం బండ్లు తెచ్చేవాళ్లకు ఒక మాట. ఈ నెల నుంచి పాత రంగు తీసినందుకు వేరుగా, కొత్తది వేసినందుకు వేరుగా రాస్తున్నాం. తీసేదానికే ఎక్కువ పడుతుంది. "స్ప్రే కొట్టడానికి ఇంతెందుకన్నా?" అని అడుగుతున్నారు కాబట్టి విడమరిచి చెప్తాను.

స్ప్రే కొట్టడం పెద్ద పని కాదు. పాత బండ్లకు కంపెనీ రంగు మీద ఎవరో బ్రష్‌తో పూసిన సిల్వర్ పెయింట్, మధ్యలో ఆయిల్ జిడ్డు ఉంటాయి. దానిమీదే కొత్తది కొడితే ఇంజిన్ వేడికి పెచ్చులు లేస్తుంది.

ముందు జిడ్డు కడిగి, పాత రంగును ఊడగొట్టే రిమూవర్ పూసి, ఆరిపోకుండా పాలిథిన్ కప్పాలి. ఘాటు రిమూవర్లలో ఉండే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో బెజవాడ ఎండ సంగతి మీకు తెలిసిందే, అందుకే వేసవిలో ఈ పని తెల్లవారుజామునే. రంగు ఉబ్బాక ప్లాస్టిక్ పట్టీతో గీకి, ఫిన్నుల (ఇంజిన్ చల్లబడటానికి ఉండే రేకుల) మధ్య నైలాన్ బ్రష్‌తో తోమాలి. ఒక్కసారితో అయ్యేది కాదు. పైగా ఆ ఆవిరి ఒంట్లోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంటి బాత్రూంలో చేసుకుందామనుకునే తమ్ముళ్లూ, వద్దు.

కాస్టిక్ సోడాలో ముంచమని కొందరి సలహా. ఇనుముకైతే సరే. ఇంజిన్ కేసు, అంటే బయటి డొల్ల, అల్యూమినియం. సోడా రంగుతోపాటు దాన్నీ తినేస్తుంది. మేం చేయం.

శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు తీయడం) కూడా ఇంజిన్ పూర్తిగా విప్పి, బేరింగులు, ఆయిల్ సీళ్లు తీసిన కేసులకే. ప్యాకింగ్ కూర్చునే అంచులు, థ్రెడ్లు మూసి కొట్టి, తర్వాత ఆయిల్ దారులన్నీ కడిగి గాలి కొట్టాలి. ఇసుక రేణువు లోపల మిగిలితే బేరింగు పోతుంది. బిగించిన ఇంజిన్‌కే కొట్టమని ఎంత బతిమాలినా కుదరదు.

ఇంజిన్ నంబరు దగ్గరకు వైర్ వీల్‌ను, బ్లాస్టింగును రానివ్వం. అక్కడ రిమూవర్, చెయ్యి, అంతే. అది అరిగితే రేపు బండి అమ్మేటప్పుడు ఆర్సీతో సరిపోక తిరగాల్సింది మీరే.

అన్ని బండ్లకూ ఇంత అవసరం లేదు. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే వాటర్ పేపర్ రుద్ది పైన వేస్తాం, మొదటి లైన్ రాయం. గోటితో గీస్తే లేచేదైతే తీయాల్సిందే. తీశాక కింద లోహం తెల్లగా తినేసి గుంటలు పడి ఉంటే రంగు వాటిని దాచదు. ఫోటో పంపుతాం, మీరు సరే అన్నాకే ఎచ్ ప్రైమర్ (లోహానికి రంగు పట్టేలా ముందు వేసే పూత) వేస్తాం.

వానాకాలంలో మాత్రం డెలివరీ తేదీ గట్టిగా చెప్పలేను. తేమకి రంగు తెల్లబారుతుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే.