నీళ్లు తగ్గినయి మామా!

నల్లగొండ,
శనివారం సాయంత్రం

మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోపం చేసుకోకు. ఇంటర్నల్స్, పేపర్లు దిద్దుడు, మధ్యలో చిన్నోడికి జ్వరం. ఇప్పుడు తగ్గింది. అమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. మిగతావి కలిసినప్పుడు. నిన్న క్లాసులో జరిగింది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేటట్టు లేదు.

ఫస్టియర్ పిల్లలకు బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. పానగల్ ఉదయసముద్రంలో పడవ, పడవలో పెద్ద బండరాయి. దాన్ని ఎత్తి నీళ్లలో వేస్తే చెరువు మట్టం ఏమవుతుంది? ఎ పెరుగుతుంది, బి తగ్గుతుంది, సి మారదు. ఎవరితో మాట్లాడకుండా రెండు నిమిషాలు ఆలోచించి చీటీ ఎత్తమన్నాను. సరైన జవాబు బి. 52 మందిలో అది ఎత్తింది 17 మంది! తేలే వస్తువు తన బరువంత నీళ్లను పక్కకు జరుపుతుందని, ఆర్కిమెడిస్ సూత్రం పోయిన వారమే చెప్పాను. లెక్కలన్నీ చకచకా చేశారు కూడా.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991 నుంచి ఇట్లాగే చెప్తున్నాడని ఆ మధ్య ఫోన్లో అన్నాను, గుర్తుందా? ఆయన పిల్లలూ లెక్కల్లో గట్టివాళ్లే. ఊరికే ఆలోచించి చెప్పే ప్రశ్నలు ఇస్తే మాత్రం, 'మీరు నేర్పినట్టు రాయాలా, మాకు తోచినట్టు రాయాలా' అని ఒకరు అడిగారట. మన పిల్లలు ఆ మాట పైకి అడగరు, అంతే. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మందికి వస్తే పక్కవాళ్లతో వాదించుకోనివ్వాలంటాడు. మాకు 33 వచ్చింది. "వేరే అక్షరం ఎత్తినవాళ్లను వెతుక్కుని ఒప్పించండి" అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత చూడు గోల! అంతా తెలుగులోనే. పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, కొట్లాట మాత్రం ఇంటి మాటలో. మూడో బెంచీలో కనగల్ నుంచి వచ్చే అమ్మాయి ఉంది, ఏడాదంతా నోరు విప్పలేదు. వెనక్కి తిరిగి ఒక పిల్లాడిని నిలదీస్తోంది: "రాయి పడవల ఉన్నప్పుడు దాన్ని మోసేదెవరు? నీళ్లే గదా. మునిగినంక అడుగున నేల మోస్తది. ఇంక నీళ్లెందుకు అంత పైకుంటయి?"

"మరి రాయి జాగ తీసుకోదా?"

"తీసుకుంటది, రాయంత జాగనే. పడవల ఉంటే రాయి బరువంత నీళ్లను జరపాలె. ఏది ఎక్కువ?"

వాడు చాలాసేపు చీటీని చూసుకున్నాడు. మెల్లగా 'ఎ' కొట్టేసి 'బి' రాశాడు. నేను వెనకే నిలబడి ఉన్నానని ఇద్దరికీ తెలియదు. పదకొండేళ్లుగా చెప్తున్నాను మామా, "మోసేదెవరు" అన్న మాట నాకెప్పుడూ తట్టలేదు.

రెండోసారి బి ఎత్తింది 41 మంది. అప్పుడు ప్లాస్టిక్ టబ్, స్టీలు గిన్నె, ఎదురు కిరాణా కొట్టు నుంచి తెచ్చిన ఇనుప కిలో రాయి బయటికి తీశాను. గిన్నెలో రాయి పెట్టి తేలించి, టబ్ మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాం. గిన్నెలో ఉన్నంతసేపు లీటరు నీళ్లు జరిపిన రాయి, మునిగాక జరిపింది అరపావు పైచిలుకు. గీత కింద వేలెడు మందం ఖాళీ! "తగ్గినయి సార్" అని క్లాసంతా ఒకటే అరుపు.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది 'ఎ' నే మనసులో పెట్టుకుని పాసై వెళ్లిపోయారో. చివరి బెంచీ పిల్లాడొకడు రెండుసార్లూ చీటీ ఎత్తలేదు. వాడి పక్కన కూర్చోవాల్సింది, గోలలో పడి మర్చిపోయాను. ఒక్క ప్రశ్నకు నలభై నిమిషాలు పోయాయి, సిలబస్ టెన్షన్ వేరే. స్టాఫ్ రూం దాకా చప్పుడు వినిపించిందని పెద్దసారు అన్నారు. నాకైతే ఆ చప్పుడు... సరే, అది తర్వాత.

నువ్వొక పని చెయ్యి. కరెంటు పాఠంలో మీ పాలమూరు పిల్లలు రాసే తప్పు జవాబులు నాలుగు, వాళ్ల మాటల్లోనే పంపు. ఎ, బి, సి లు నేను ఊహించి రాస్తే ఎవరూ వాటిలో పడరు. బల్బు దగ్గర కరెంటు "ఖర్చయిపోతది" అంటారే, అట్లాంటివి. సోమవారం ఆ చివరి బెంచీ పిల్లాడి పక్కన కూర్చునే అడుగుతా.

ఆటో వచ్చింది మామా, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మిగతాది రేపు రాస్తా.