అండమాన్ వెళ్లేవారు తిథి కూడా చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారములు.

దసరా, దీపావళి సెలవులను దృష్టిలో పెట్టుకొని మీ పత్రిక పర్యాటక పేజీలో అండమాన్ దీవులపై ప్రచురించిన వ్యాసం చదివాను. చూడవలసిన స్థలాల పేర్లన్నీ అందులో ఉన్నాయి గాని, వాటిని ఏ వేళకు చూడాలన్న సంగతి ఒక్క వాక్యంలోనూ లేదు. దీవుల యాత్రలో వేళ తప్పితే స్థలం చేరినా ప్రయోజనం ఉండదు. ఆ వేళను నిర్ణయించేవి సముద్రపు పోటు, పాటు, అంటే నీరు ఒడ్డుకు పొంగి రావడం, వెనక్కు తీయడం.

కృష్ణ ఒడ్డున ఉండే మనకు వీటితో పని పడదు; ఆదివారం సూర్యలంకకో మంగినపూడికో వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు కూడా వీటిని అంతగా పట్టించుకోరు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో మాత్రం అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టం సుమారు రెండు మీటర్లు మారుతుంది. నీల్ దీవిలో, అంటే నేటి షహీద్ ద్వీప్‌లో, లక్ష్మణ్‌పూర్ ఒడ్డున ఒక సహజ శిలాతోరణం ఉంది. అక్కడ స్థిరపడిన బెంగాలీలు దానిని హౌరా బ్రిడ్జి అని పిలుచుకున్నారట. నీరు బాగా తీసినప్పుడే దాని దగ్గరకు నడిచి వెళ్లగలం. మా కుటుంబం వెళ్లిన ప్యాకేజీలో, నగరంలోని ఒక ట్రావెల్స్ సంస్థ ఆ కార్యక్రమాన్ని సరిగ్గా పోటు వేళకు పెట్టింది. అందరం కొబ్బరి బోండాలు తాగి వెనుదిరిగాము. మర్నాడు హోటల్ కుర్రవాడు చెప్పిన వేళకు మేమే ఆటో మాట్లాడుకొని వెళితే, ముందురోజు అలలు కొట్టిన చోట మోకాలి లోతు మడుగులు కనిపించాయి. వాటిలో సముద్ర దోసకాయలనే నల్లటి జీవులు కదలకుండా పడి ఉన్నాయి. రాతిలో ఇరుక్కున్న పెద్ద ఆల్చిప్ప ఒకటి మా నీడ పడగానే నీలిరంగు పెదవులు ముడుచుకుంది. ఆ పగడపు రాళ్లు జారుడుగా ఉంటాయి కనుక పట్టున్న చెప్పులు తప్పనిసరి. పెద్దవారికి ఒక చేతికర్ర ఉంటే ఇంకా మంచిది.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అందుచేత ఏడాది పొడవునా ఒకే యాత్రా పట్టికను అచ్చువేసి అమ్మడం పొరపాటు. ఇందుకు గొప్ప శాస్త్ర పరిజ్ఞానం కూడా అక్కరలేదు, గోడమీది క్యాలెండరులో తిథి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. అష్టమి తరువాత ఒకటి రెండు రోజులు నీరు తక్కువగా తీస్తుంది కాబట్టి, విజయదశమికి అక్కడ ఉండేవారు శిలాతోరణాన్ని పౌర్ణమి వైపుకు జరుపుకోవడం మేలు. దీపావళి అమావాస్యనాడే వస్తుంది కనుక ఆ సెలవుల్లో వెళ్లేవారికి ఈ ఇబ్బంది లేదు.

అమావాస్యనాడు గడప దాటని ఇళ్లు మన వైపు ఇంకా ఎన్నో ఉన్నాయి. వారి నమ్మకాన్ని తప్పుపట్టను గాని, హేవ్‌లాక్ దీవిలో మడ అడవుల మధ్య చిన్న పడవలో వెళ్లి, తెడ్డు వేసినప్పుడల్లా నీలంగా మెరిసే నీటిని చూడాలంటే వెన్నెల లేని రాత్రులే అనుకూలం. కదిపితే వెలుగునిచ్చే సూక్ష్మజీవులు ఆ నీటిలో ఉంటాయి. పౌర్ణమినాడు ఆ వెలుగు కంటికి ఆనదు.

సూర్యుని విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం కనిపిస్తుంది. అండమాన్ మనకు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కావడంతో, డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. రాధానగర్ తీరంలో సూర్యాస్తమయమని రాసి, ఐదున్నరకు బస్సు దించే ప్యాకేజీని ఏమనాలి?

స్కూబా డైవింగ్ సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. ఈత రానివారు కూడా శిక్షకుని వెంట నీటిలోకి దిగవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బులు ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా దిగరాదు. నీటి ఒత్తిడిలో ఉన్నప్పుడు రక్తంలో కరిగిన నత్రజని, విమానంలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉన్నందున, డైవింగ్ తరువాత 12 నుంచి 18 గంటల వరకు విమానం ఎక్కవద్దంటారు. ఉదయం డైవింగ్, సాయంత్రం తిరుగు విమానం అని రాసిన కరపత్రాన్ని నేను గవర్నరుపేటలోనే చూశాను.

సెల్యులర్ జైలుకు పోటు పాటుల పట్టింపు లేదు. 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు విభాగాలలో మూడే మిగిలినా, దానికి ఒక పూట తీరికగా కేటాయించాలి. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్లే దారి జారవాల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. అక్కడ వాహనం ఆపడం, ఫోటోలు తీయడం నిషిద్ధం. దారిలో ఆదివాసులు కనిపిస్తారని ఆశపెట్టి టిక్కెట్లు అమ్మే ఏజెంట్లు సిగ్గుపడాలి.

2016 డిసెంబరులో తుపాను వల్ల హేవ్‌లాక్, నీల్ దీవులలో వందలాది పర్యాటకులు చిక్కుకుపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజును ఖాళీగా ఉంచని ప్యాకేజీని ఎవరూ కొనవద్దని నా మనవి. ట్రావెల్స్ సంస్థలు తమ పట్టికలో ప్రతి రోజు కింద పోటు, పాటు, సూర్యాస్తమయ వేళలను ముద్రించాలి. మీ పర్యాటక పేజీ కూడా, దీవుల గురించి రాసినప్పుడు, ఆ నెల వేళలను పక్కనే ఇవ్వగలదని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ