నివేదికలో తప్పులేనా, బలాలు వద్దా?

సంపాదకులకు,

బాలల సంక్షేమ కమిటీ ముందుకు బిడ్డ వచ్చాక సామాజిక విచారణ (బిడ్డ ఇంటి పరిస్థితులు ఆరా తీసి నివేదిక ఇవ్వడం) 15 రోజుల్లో పూర్తి కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆ హడావుడిలో ‘తండ్రి తాగుతాడు, తల్లి పట్టించుకోదు, హోమ్‌కు పంపవచ్చు’ అని నివేదికలో మూడు ముక్కలు రాసేస్తే పని తేలికే. కానీ బిడ్డను హోమ్‌లో పెట్టడం చివరి మార్గమని అన్నదీ ఆ చట్టమే.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 1990లలో రూపొందిన ‘సైన్స్ ఆఫ్ సేఫ్టీ’ (Signs of Safety, అంటే భద్రతా సంకేతాలు) పద్ధతిలో అడిగేవి మూడే: భయం దేనికి? ఇప్పటికే ఏది బాగుంది? ఇక ఏం జరగాలి? ఆపైన బిడ్డ భద్రతకు 0 నుంచి 10 దాకా మార్కు వేయమంటారు. తల్లి 4 అంటే ‘అంత తక్కువేం?’ అనకూడదు. ‘2 కాకుండా 4 ఎలా వచ్చింది?’ అనాలి. భర్త తాగొచ్చిన రాత్రి పాపను పక్కింటి అమ్మమ్మ దగ్గర పడుకోబెడుతోందన్న సంగతి అప్పుడు బయటికొస్తుంది. అమ్మమ్మ ఒప్పుకుందా, ఆవిడ ఊళ్లో లేని రోజు ఎవరు, ఇది జరుగుతోందో లేదో ఎవరు ఎప్పుడు చూస్తారు? ఇవి కాగితం మీద పడితేనే ప్రణాళిక.

బెడిసికొట్టేదీ ఇక్కడే. ‘తల్లికి ప్రేమ ఉంది’ అన్నది బలమే, రక్షణ కాదు. లైంగిక హింస అనుమానముంటే ముందు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద ఫిర్యాదు, మిగతావన్నీ తర్వాత.

లేమి ఒక్కటే కారణమైతే కేంద్ర ప్రభుత్వ బాలల రక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000 రూపాయలు ఉంది. ఆ సిఫారసు నివేదికతోపాటే వెళ్లాలి.

– బాలల రక్షణ కార్యకర్తలు, వరంగల్