మట్టి గోడ చలిని ఆపదండీ

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం సంచికలో మట్టి ఇళ్ల గురించి వేసిన వ్యాసం ఆన్‌లైన్‌లో చదివాను. బాగుంది. కానీ మట్టి గోడ ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంచుతుందని రాశారే, ఆ మాట నమ్మే నేను మూడేళ్ల కిందట ఇక్కడ మిషిగన్‌లో పెరట్లో చిన్న షెడ్డు కట్టాను, దక్షిణం వైపు అద్దాలు, మిగతా మూడు వైపులా అడుగు మందం మట్టి గోడ, కరివేపాకు కుండీలూ గోంగూర నారూ పెట్టుకుందామని. గుంటూరులో ఆ మాట నిజమే. జనవరి రాత్రుళ్లు మైనస్ 15కి దిగే చోట సగమే నిజం.

మట్టి వేడిని దాచుకుంటుంది, బయటికి పోకుండా మాత్రం ఆపలేదు. ఇక్కడ డిసెంబర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పాతిక డిగ్రీల ఎత్తుకు మించి లేవడు, అదీ మబ్బు లేకపోతే. గోడ పగలు తాగిన ఆ కాస్త వేడినీ రాత్రికి చలి లాగేస్తుంది.

అసలు కట్టడమే ఒక కథ. ఇక్కడ పునాది 42 అంగుళాల లోతుకు పోవాలి, నేల అంతవరకూ గడ్డకడుతుందని లెక్క. కందకం తవ్వి కంకర నింపేసరికే ఆగస్టు అయిపోయింది. అప్పటికి మా అమ్మ ఇక్కడే ఉంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, టార్పాలిన్ మీద మట్టీ ఇసకా గోధుమ గడ్డీ వేసి ఆవిడే ముందు దిగి తొక్కింది. ముద్ద చేసి నడుమెత్తు నుంచి కింద పడేసేది, పగిలితే ఇంకొన్ని నీళ్లు, పేడలా పరుచుకుంటే ఇంకాస్త ఇసక. రోజుకు మోకాలెత్తు మించి లేపొద్దురా అని చెప్పింది కూడా. చలి వచ్చేస్తోందన్న టెన్షన్‌లో నేను వినలేదు. తడి ఆరకముందే మంచు పట్టింది, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కదా, పై వరుసంతా వేలితో గీరితే సున్నుండలా రాలిపోయింది. మే నెలలో మళ్లీ కట్టాను.

ఆ తర్వాతి చలికాలం కరివేపాకు పోయింది. పొద్దున్నే తలుపు తీస్తే ఉత్తరపు గోడకు లోపలి వైపు తెల్లటి మంచు పొర, ఆకులు ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతున్నాయి.

కిందటి వేసవిలో ఉత్తరం, పడమర గోడలకు బయట గడ్డి బేళ్లు పేర్చి చెక్కలు కొట్టాను. లోపల నల్ల డ్రమ్ముల్లో నీళ్లు పెట్టాను, అంతే చోటులో నీళ్లు మట్టికి రెట్టింపు పైగానే వేడి పట్టుకుంటాయి. గోడకు సిమెంటు పూయించమని చెప్పినవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, తేమ బయటికి పోయే దారి లేక గోడ లోపల్లోపలే నానిపోతుంది. సున్నం చాలు.

ఇంత చేసినా జనవరిలో కరివేపాకు కుండీ మా హాల్లోనే ఉంటుంది. గోంగూర మాత్రం ఈసారి ఏప్రిల్లోనే మొలిచింది, బయట నేలలో వేయాలంటే మే ఆఖరు దాకా ఆగాల్సిందే.

చలి దేశాల సంగతి కూడా రెండు ముక్కలు వేయండి సార్. మీ వ్యాసం చూసి మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే ఇద్దరు గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు.

ఇట్లు,
మిషిగన్ నుంచి ఒక పాఠకుడు