కౌంటర్లు పెంచితే క్యూ తగ్గదు
ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ రద్దీకి కౌంటర్లు పెంచడమే మందు అనుకోవడం పొరపాటు. మా దగ్గరి ఆసుపత్రిలో అదనపు కౌంటరు తెరిచారు. చీటీ త్వరగానే చేతికొస్తోంది గానీ, క్యూ కాస్తా ల్యాబ్ ముందుకు జరిగింది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేసరికి ఓపీ టైం అయిపోతోంది. దాన్ని చూపించుకోవడానికి అదే రోగి మర్నాడు మళ్లీ కొత్త చీటీకి నిలబడుతున్నాడు. ఇవాళ్టి ఆలస్యమే రేపటి రద్దీ అన్నమాట. ఈ సంగతి నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు బాగా తెలుసు, వాళ్లను అడిగే నాథుడే లేడు. 1946లోనే మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ వివరించిన యాక్షన్ రీసెర్చ్ ఇక్కడ పనికొస్తుంది: ఒక మార్పు అనుకోవడం, చేసి చూడటం, ఫలితాన్ని బట్టి సరిదిద్దుకోవడం. సిబ్బందినే కూర్చోబెట్టి, ముందు ఒక్క మెడిసిన్ విభాగంలో రిపోర్టుతో వచ్చినవారిని చీటీ లేకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పంపి, నెల రోజులు లెక్క రాసి చూడాలి.